డాష్‌బోర్డులో లైటు లేని ఆయిల్

హైదరాబాద్ ఆటోనగర్‌లో ఒక ఆదివారం ఉదయం, పికప్ బండ్లు నడిపేవాళ్ళ కోసం ఒక షెడ్డు మేస్త్రీ చేసిన ప్రసంగ పాఠం.

అందరికీ నమస్కారం. రాత్రంతా మార్కెట్ ట్రిప్పులు తిప్పి, కంటి మీద కునుకు లేకుండా నేరుగా ఇటే వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. బోయిన్‌పల్లిలో కూరగాయలు దింపి వచ్చారు, గుడిమల్కాపూర్‌లో పూలు దింపి వచ్చారు. మీ నిద్ర విలువ నాకు తెలుసు కాబట్టి ఆలస్యం చేయను.

ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చారని ఇందాక ఒక్కొక్కరినీ అడిగాను. అందరూ టక్కున చెప్పారు. కొందరైతే కిలోమీటర్లతో సహా చెప్పారు. అదే వెనక హౌసింగ్‌లో, అంటే వెనక ఇరుసు మధ్య ఉబ్బుగా ఉండే ఇనప డబ్బాలో ఆయిల్, మనం క్రౌన్ ఆయిల్ అంటామే, అది ఎప్పుడు మార్చారంటే ఇంతమందిలో రెండు చేతులు లేచాయి. ఒకన్నయితే "అందులో ఆయిల్ కూడా ఉంటుందా?" అని అడిగాడు. ఆయన్ని చూసి ఎవరూ నవ్వకండి. నాకు తెలిసి ఇరవై ఏళ్ళు బండి నడిపినవాళ్ళు కూడా అదే మాట అడిగారు.

అందులో మీ తప్పు లేదు. ఇంజిన్ ఆయిల్ తగ్గితే డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలుగుతుంది. బానెట్ ఎత్తితే కొలిచే పుల్ల ఉంటుంది. సర్వీసు చేసినవాళ్ళు స్టిక్కర్ అంటిస్తారు. దాన్ని తిప్పడానికి పంపు ఉంది, వడకట్టడానికి ఫిల్టర్ ఉంది. వెనక హౌసింగ్‌కు ఇందులో ఒక్కటీ లేదు. లైటు లేదు, పుల్ల లేదు, పంపు లేదు, ఫిల్టర్ లేదు. చూడడానికి ఒక బోల్టు ఉంది, అంతే. ఆ బోల్టు విప్పి వేలు పెట్టి చూస్తేనే లోపలి సంగతి తెలిసేది. ఎవరూ వేలు పెట్టకపోతే ఆ ఆయిల్ ఎండిపోయినా, మాడిపోయినా, నీళ్ళయినా ఎవరికీ తెలియదు. తెలిసే రోజుకు క్రౌన్ కేకలు పెడుతూ ఉంటుంది. ఈ పొద్దు నేను చెప్పేదంతా ఆ వేలు గురించే.

ముందు లోపల ఏముందో చూద్దాం. బల్ల మీద పాత హౌసింగ్ ఒకటి కోసి పెట్టాను, దగ్గరికి రండి. ఈ పెద్ద పళ్ళెం లాంటిది క్రౌన్. దాన్ని తిప్పే ఈ చిన్నది పినియన్. ముందు నుంచి వచ్చే షాఫ్ట్ పినియన్‌ను తిప్పుతుంది. ఉదాహరణకు పినియన్‌కు 10 పళ్ళు, క్రౌన్‌కు 41 పళ్ళు ఉన్నాయనుకోండి. పినియన్ నాలుగుసార్లకు పైగా తిరిగితే క్రౌన్ ఒక్కసారి తిరుగుతుంది. వేగం నాలుగో వంతుకు తగ్గుతుంది, బలం నాలుగింతలు అవుతుంది. మీ లోడంతా లాగేది ఆ బలమే. బండి 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే క్రౌన్ నిమిషానికి సుమారు 450 చుట్లు, పినియన్ 1,800 పైచిలుకు చుట్లు తిరుగుతాయి. గంటల తరబడి, లోడుతో.

క్రౌన్ లోపల ఈ చిన్న గేర్లు చూడండి, ఇవి స్టార్ పినియన్లు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ పోవాలి. రెంటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే ఏదో ఒక టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోవాల్సిందే. ఆ తేడాను సర్దేది ఈ స్టార్లు. ఈ ఏర్పాటునే డిఫరెన్షియల్ అంటారు. ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెక్కర్ అనే ఆయన 1827లో ఆవిరి బండి కోసం దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఆయన వృత్తి ఏమిటో తెలుసా, గడియారాల పని. చిన్న చిన్న పళ్ళ చక్రాలతో చేయి తిరిగినవాడికే ఇలాంటి ఆలోచన వస్తుందని నాకనిపిస్తుంది.

ఒక లెక్క చెప్తాను, నాకు చాలా ఇష్టమైన లెక్క. మన ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. ఒకచోట బయల్దేరి పూర్తి చుట్టు తిరిగి అక్కడికే వచ్చారనుకోండి. లోపలి చక్రం కంటే బయటి చక్రం ఎంత ఎక్కువ దూరం పోయుంటుంది? చెప్పండి. కిలోమీటరా? ఐదు కిలోమీటర్లా? పికప్‌కు రెండు వెనక చక్రాల మధ్య దూరం సుమారు 1.4 మీటర్లు. రోడ్డు ఎంత పెద్దదైనా, ఎన్ని వంపులు పోయినా, ఒక పూర్తి చుట్టుకు తేడా ఆ 1.4 మీటర్లకు ఆరింతలు, ఇంకాస్త. అంటే 8.8 మీటర్లు. అంతే! చక్రం ఒక చుట్టుకు 2.2 మీటర్లు పోతుందనుకుంటే, 70 వేలకు పైగా చుట్లలో తేడా నాలుగే నాలుగు చుట్లు.

ఇప్పుడు బేగంబజార్ సందులో ఒక యూటర్న్ కొట్టండి. సగం చుట్టు, తేడా 4.4 మీటర్లు. పది సెకన్లలో రెండు చుట్ల తేడా. ఔటర్ మీద రెండు గంటలు పోయి వచ్చినదాంట్లో సగం పని స్టార్లు ఒక్క యూటర్న్‌లో చేస్తాయి. రోజుకు యాభైసార్లు సందుల్లో తిప్పే బండికి, హైవే మీద పోయే బండికి కిలోమీటర్లు ఒకటే అయినా లోపలి అరుగుదల ఒకటి కాదు. అందుకే ఆయిల్ ఎన్ని వేలకు మార్చాలని అడిగితే నేను అందరికీ ఒకే నంబరు చెప్పను. మీ బండి మాన్యువల్‌లో ఒక నంబరు ఉంటుంది, చూడండి. అందులోనే ఎక్కువ లోడు, దుమ్ము, నీళ్ళలో పని ఉంటే తొందరగా మార్చాలని కూడా రాసి ఉంటుంది. మన హైదరాబాద్ పికప్‌లలో ఆ రెండో గీతలోకి రాని బండి నేనైతే చూడలేదు. నా షెడ్డుకు వచ్చే లోడు బండ్లకు 40 వేలకు మార్చమంటాను. మాన్యువల్‌లో ఇంకా తక్కువ రాసి ఉంటే మాన్యువల్ మాటే వినండి.

ఇక ఆయిల్. క్రౌన్, పినియన్ కలిసేచోట కొంచెం వంగి చూడండి. పినియన్ సరిగ్గా క్రౌన్ మధ్యకు లేదు, కిందికి జరిగి ఉంది. దీన్ని హైపాయిడ్ అంటారు. షాఫ్ట్ కిందికి దిగుతుంది, పళ్ళు ఎక్కువ మేర కలుస్తాయి, శబ్దం తగ్గుతుంది. కానీ ఒక ఇబ్బంది ఉంది. మామూలు గేర్లలో పన్ను మీద పన్ను చాలావరకు చపాతీ కర్రలా దొర్లుతుంది. ఇక్కడ రోట్లో పొత్రంలా రుద్దుకుంటూ తిరుగుతుంది. పిండి మెత్తగా నలిగేది ఆ రుద్దుడుకే కదా. అంత ఒత్తిడిలో మామూలు ఆయిల్ పొర నిలవదు, చిట్లిపోతుంది. అందుకని ఈ ఆయిల్‌లో గంధకం, ఫాస్ఫరస్ కలిసిన మందులు వేస్తారు. పన్ను వేడెక్కినచోట అవి ఇనుముతో కలిసి సన్నటి పొర కడతాయి. ఇనుముకు బదులు ఆ పొర అరుగుతుంది. క్రౌన్ ఆయిల్ డబ్బా మూత తీయగానే కుళ్ళిన వాసన కొడుతుందే, అది ఆ గంధకం వాసనే. ఆయిల్ పాడైందని అనుకోవద్దు.

షాపుకు పోయి "తొంభై నంబర్ ఇవ్వన్నా" అంటే సరిపోదు. 90 అనేది చిక్కదనం మాత్రమే. పక్కన జీఎల్-4, జీఎల్-5 అని రాసి ఉంటుంది, ఆయిల్ ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో చెప్పే తరగతి అది. హైపాయిడ్ క్రౌన్‌కు కావలసింది జీఎల్-5. అదే డబ్బా గేర్‌బాక్స్‌లో కూడా పోద్దామనుకుంటారు కొందరు. అన్ని గేర్‌బాక్స్‌లకూ అది పడదు. లోపల ఇత్తడి రింగులు ఉంటే జీఎల్-5లోని గంధకం వాటిని తినేయవచ్చు. గేర్‌బాక్స్‌కు దాని మాన్యువల్ చెప్పిందే పోయాలి. ఇంకో అపోహ ఉంది. 90 అంటే 40 నంబర్ ఇంజిన్ ఆయిల్‌కు రెట్టింపు చిక్కగా ఉంటుందనుకుంటారు. కాదు. ఇంజిన్ ఆయిల్‌కు ఒక కొలబద్ద, గేర్ ఆయిల్‌కు వేరే కొలబద్ద. 100 డిగ్రీల వేడిలో కొలిస్తే 40 నంబర్ ఇంజిన్ ఆయిల్, 90 నంబర్ గేర్ ఆయిల్ దగ్గర దగ్గరగానే ఉంటాయి. తేడా అంతా లోపలి మందుల్లో ఉంది. అందుకే మిగిలిన ఇంజిన్ ఆయిల్‌ను హౌసింగ్‌లో పోయడం అన్యాయం. చిక్కదనం సరిపోయినట్టే ఉంటుంది, పన్ను మాత్రం పోతుంది.

80డబ్ల్యూ-90 అని ఉంటే, డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 80డబ్ల్యూ అంటే సున్నాకు 26 డిగ్రీలు కింద కూడా కదలగల ఆయిల్. మనకు ఆ చలి ఎప్పుడొచ్చింది? మన మే నెల ఎండకు వెనకున్న అంకె ముఖ్యం. అలాగని మాన్యువల్‌లో 90 ఉంటే మీ అంతట మీరు 140 పోయకండి. సింథటిక్ అయినా ఇదే మాట. గ్రేడు, జీఎల్ నంబరు మాన్యువల్‌తో కలిస్తే పోయండి, కలవకపోతే ఎంత ఖరీదైనదైనా వద్దు. లాకింగ్ డిఫరెన్షియల్, అంటే రెండు వెనక చక్రాలనూ కలిపి పట్టేసే ఏర్పాటు ఉన్న బండ్లకు వేరే ఆయిల్ అడగొచ్చు, వాళ్ళు మాత్రం విడిగా నన్ను అడగండి.

పంపు లేదన్నాను కదా, మరి ఆయిల్ పైకెలా పోతుంది? క్రౌన్ కింది అంచు ఆయిల్‌లో మునిగి ఉంటుంది. తిరిగేటప్పుడు అదే ఆయిల్‌ను ఎత్తి చుట్టూ చల్లుతుంది. ఆ చల్లింది ఈ కాలువలోంచి పారి ముందున్న పినియన్ బేరింగుకు అందుతుంది. లెవెల్ తగ్గితే మొదట ఆకలితో మాడేది ఆ ముందు బేరింగే. చూడండి, ఈ కోసిన హౌసింగ్‌లో అదెలా నీలంగా మాడి ఉందో. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ఈ బండిలో ఆయిల్ ఉంది, కానీ ఒక లీటరు తక్కువ ఉంది.

సరే, ఇప్పుడు పని.

ముందు ఒక పది కిలోమీటర్లు నడిపి రండి. ఆయిల్ వెచ్చబడుతుంది, అడుగున పేరుకున్న రజను లేచి ఆయిల్‌తో పాటు బయటికి వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు విప్పితే బెల్లం పాకంలా కారుతూ సగం లోపలే ఉండిపోతుంది. మరీ కాలిపోయే వేడిలోనూ విప్పకండి. చెయ్యి పెట్టగలిగేంత వేడి చాలు.

బండి సమానమైన నేల మీద ఉండాలి. వెనక మాత్రమే జాకీ ఎత్తితే హౌసింగ్ వంగుతుంది, లెవెల్ తప్పు చూపిస్తుంది. మన పికప్‌లు ఎత్తుగానే ఉంటాయి, చాలావాటికి ఎత్తకుండానే కిందికి దూరవచ్చు. ఎత్తక తప్పకపోతే నా ఈ మాట గుర్తు పెట్టుకోండి. ఒక వెనక చక్రాన్ని ఎత్తి, "గేర్‌లో వేశాను కదా, బండి కదలదు" అనుకోకండి. ఇందాక చూసిన స్టార్లే మిమ్మల్ని మోసం చేస్తాయి. గేర్ షాఫ్ట్‌ను పట్టుకుంటుంది, చక్రాన్ని కాదు. గాల్లో ఉన్న చక్రం వెనక్కి తిరుగుతూ ఉంటే నేల మీద ఉన్న చక్రం హాయిగా ముందుకు దొర్లుతుంది. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టండి. జాకీ ఎత్తడానికే గానీ మోయడానికి కాదు. కింద స్టాండ్లు పెట్టకుండా తల లోపల పెట్టకండి. ఇటుకలు, రాళ్ళు స్టాండ్లు కావు. ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది. ఇలా పోయిన మనిషి ఇంటికి నేను వెళ్ళి వచ్చాను. అంతకంటే చెప్పలేను.

ఇప్పుడు హౌసింగ్‌కు రెండు బోల్టులు కనిపిస్తాయి. అడుగున ఒకటి, డ్రెయిన్ బోల్టు. వెనకవైపు సగం ఎత్తులో ఒకటి, ఆయిల్ పోసే బోల్టు. కొన్ని బండ్లకు అడుగు బోల్టు ఉండదు. వాటికి వెనక కవర్ విప్పాలి, లేదా పై బోల్టులోంచి గొట్టం వేసి లాగాలి. రెండూ ఉన్న బండికి మొదట ఏది విప్పాలి?

పైది. ఎప్పుడూ పైదే. ఎందుకో నాకు 1998లో తెలిసింది.

అప్పుడు నేను హెల్పర్‌ని. రాత్రి ఎనిమిది దాటాక ఒక పికప్ వచ్చింది. నల్గొండ వైపు పోయి బత్తాయి లోడు ఎత్తుకుని తెల్లారేసరికి కొత్తపేట పండ్ల మార్కెట్‌లో దింపాలి. మా మేస్త్రీ అన్నానికి పోయారు. ఆయన వచ్చేలోపు పని ముగించి మెప్పు పొందాలని నాకు ఆత్రం. కింది బోల్టు విప్పేశాను, ఆయిలంతా ట్రేలోకి పోయింది. కింది బోల్టు బిగించి పైదానికి వెళ్తే అది కదల్లేదు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని బోల్టు. నాలుగు పలకల గాడి ఉన్న బోల్టు అది. సరైన సైజు పానా లేక దగ్గరగా ఉన్నదేదో పెట్టి, పైపు తొడిగి బలం వేశాను. బోల్టు తిరగలేదు, గాడి గుండ్రంగా అయిపోయింది. ఇప్పుడు బండిలో చుక్క ఆయిల్ లేదు, పోయడానికి దారి లేదు. వెల్డింగ్ మనిషి ఇంటికి వెళ్ళిపోయాడు. డ్రైవరన్న నన్నేమీ అనలేదు. షెడ్డు ముందు బల్ల మీద తెల్లవార్లూ కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. పొద్దున వెల్డర్ వచ్చి, తడిగుడ్డలూ ఇసుకా దగ్గర పెట్టుకుని, బోల్టు మీద ఒక నట్టు అతికించాడు. ఆ వేడికి పట్టు వదిలి అది రెండు నిమిషాల్లో వచ్చింది. పోయిన కిరాయి మా మేస్త్రీ తన జేబులోంచి ఇచ్చారు. నన్ను ఒక్క మాటే అన్నారు: "పోసే దారి చూసుకోకుండా పారబోయొద్దు."

పై బోల్టు రాకపోతే ఏమీ నష్టం లేదు. పాత ఆయిల్ లోపలే ఉంది, బండి ట్రిప్పుకు పోవచ్చు, తీరికగా మళ్ళీ చూసుకోవచ్చు. చుట్టూ మట్టి గీకి, తుప్పు వదిలే నూనె కొట్టి, రాత్రంతా నానబెట్టండి. సరిగ్గా సరిపోయే పానా లేకపోతే అప్పు తెచ్చుకోండి గానీ దగ్గరగా ఉన్నదానితో ప్రయత్నించకండి.

పైది వదిలాక కిందిది విప్పండి. ట్రే పెద్దది పెట్టండి. చాలా పికప్‌లలో రెండు, మూడు లీటర్ల మధ్య ఉంటుంది. మొదట జోరుగా ఎగిరి పడుతుంది, తర్వాత సన్నబడుతుంది. ఇక్కడ తొందరపడకండి. మీరు ఇన్నాళ్ళూ చూడని లోపలి సంగతంతా ఈ ట్రేలో ఉంది. దీన్ని చూడకుండా డబ్బాలో పోసేస్తే, రక్తపరీక్ష చేయించుకుని రిపోర్టు చింపేసినట్టే.

ఎండలో పెట్టి చూడండి. నల్లగా ఉంటే భయం లేదు, పాతబడింది అంతే. డ్రెయిన్ బోల్టు కొసకు చాలా బండ్లలో అయస్కాంతం ఉంటుంది. దాని మీద కాటుక లాంటి మెత్తటి పేస్టు అంటుకుని ఉంటుంది. రెండు వేళ్ళ మధ్య రుద్దండి. మెత్తగా, గరుకు తగలకుండా ఉంటే అది మామూలు అరుగుదల. తుడిచి పారేయండి. వేళ్ళకు ఇసుకలా తగిలితే అనుమానించాలి. సూది ముక్కల్లాంటివి, గోరంత పెంకులు దొరికితే పన్ను గానీ బేరింగు గానీ విరుగుతోందన్నమాట. కొత్త ఆయిల్ పోసి పంపేస్తే అది ఆగదు. ఇక ఆయిల్‌లో పట్టుచీర జరీలా సన్నటి మెరుపు కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయని నేననుకుంటాను, కవర్ విప్పి చూస్తాను.

అన్నిటికంటే చెడ్డ రంగు ఇంకోటి ఉంది. పాలు ఎక్కువైన ఇరానీ చాయ్ రంగు.

2020 అక్టోబర్ వానలు మీకందరికీ గుర్తుంటాయి. 13వ తేదీ రాత్రి. కాలనీలకు కాలనీలు మునిగాయి. అప్పుడు ఒక తమ్ముడి పికప్ నడుం లోతు నీళ్ళలో రాత్రంతా ఉండిపోయింది. నీళ్ళు తీశాక ఒకచోట ఇంజిన్ మొత్తం చూపించాడు. ఇంజిన్ ఆయిల్ మార్చారు, ఫిల్టర్లు మార్చారు, సీట్లు ఆరబెట్టారు. వెనక హౌసింగ్ బోల్టు ఎవరూ ముట్టలేదు. బండి స్టార్టయింది, పరుగెత్తింది. సంక్రాంతి దాటాక నా దగ్గరికి వచ్చాడు, యాక్సిలరేటర్ నొక్కితే వెనక నుంచి ఊళ వేస్తోందని. అడుగు బోల్టు విప్పితే మొదట నీళ్ళే వచ్చాయి. తర్వాత చాయ్. క్రౌన్ పళ్ళ మీద తుప్పు మచ్చలు, ప్రతి మచ్చ దగ్గరా గుంట. క్రౌన్, పినియన్ ఒకదాంతో ఒకటి నూరి జతగా తయారవుతాయి, ఒకటి పోతే రెండూ మార్చాల్సిందే. బేరింగులు, ఆయిల్ కారకుండా ఆపే సీళ్ళు అదనం. ఆ పిల్లవాడు బండి కిస్తీ కడుతున్నాడు. రెండు లీటర్ల ఆయిల్ ఆ వారంలోనే మార్చి ఉంటే అతనికి ఇంత అప్పు అయ్యేది కాదు.

నీళ్ళు ఎలా పోయాయి? హౌసింగ్ నెత్తిన చిన్న టోపీ లాంటిది ఉంటుంది, బ్రీదర్ అంటారు. లోపలి గాలి వేడికి ఉబ్బితే బయటికి వదలడానికి, చల్లబడితే లోపలికి తీసుకోవడానికి. నడిచి నడిచి వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారిగా చల్లని నీళ్ళలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. అప్పుడది ఊపిరి పీలుస్తుంది. చుట్టూ నీళ్ళుంటే నీళ్ళే పీలుస్తుంది. అందుకని రైల్వే బ్రిడ్జి కింద హౌసింగ్ మునిగేంత నీళ్ళలో దిగి వచ్చిన ప్రతిసారీ, కిలోమీటర్లతో పని లేకుండా, ఆ వారంలోనే కింది బోల్టు కొంచెం వదులు చేసి చూడండి. నీళ్ళు ఆయిల్ కంటే బరువు, బండి రాత్రంతా నిలబడి ఉంటే అడుగున చేరతాయి, ముందు అవే వస్తాయి.

ఆ బ్రీదర్ మట్టితో మూసుకుపోతే ఇంకో తిప్పలు. లోపలి గాలి పోవడానికి దారి లేక సీళ్ళను తోసుకుని ఆయిల్ బయటికి వస్తుంది. సీల్ మార్చితే నెలకే మళ్ళీ కారుతుంది. రాణిగంజ్ పోయి మంచి సీలు తెచ్చినా అదే కథ. సీలుది తప్పు కాదు, ముక్కు మూసుకుపోయింది. ఇకపై సీల్ కారుతోందంటే ముందు ఆ టోపీ శుభ్రం చేయించండి, డబ్బు మిగులుతుంది.

కింది బోల్టుకు కొత్త వాషర్ వేసి బిగించండి. పైపు తొడిగి బిగించకండి, రేపు విప్పేది మీరే. కొత్త ఆయిల్ చేతి పంపుతో గానీ, డబ్బా మూతికి గొట్టం పెట్టి పిండుతూ గానీ పోయండి. నెమ్మదిగా పోయాలి, పక్క గొట్టాల్లోకి పారడానికి దానికి టైం కావాలి. రంధ్రం కింది అంచుకు వచ్చి పొంగితే ఆపి, పది నిమిషాలు ఆగి, చిటికెన వేలు కొంచెం వంచి లోపల పెట్టండి. వేలికి అంచు దగ్గరే ఆయిల్ తగలాలి. అంచు దాటి కారుతున్నంతసేపు కారనివ్వండి, ఆగాక బోల్టు పెట్టండి. కొందరు మంచిదని ఎక్కువ కుక్కుతారు. ఎక్కువైతే నురుగు కడుతుంది, సీళ్ళు దాటి బ్రేకు డ్రమ్ములోకి పోతుంది. లైనర్లు ఆయిల్‌లో తడిస్తే కడిగినా పనికిరావు. లోడు మీద ఉన్న బండికి బ్రేకు ఒక పక్క పట్టకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనవసరం లేదు.

పాత ఆయిల్ మోరీలో పోయకండి, నేల మీద దుమ్ము అణగడానికి చల్లకండి. సెంట్రింగ్ పలకలకు అడిగేవాళ్ళకు ఇచ్చేయడం మనకు అలవాటు, అదీ మానేద్దాం. 2016 నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. షెడ్డులో డ్రమ్ము పెట్టాను, అనుమతి ఉన్నవాళ్ళు వచ్చి తీసుకుపోతారు. ఇంట్లో మార్చుకున్నవాళ్ళు డబ్బాలో తెచ్చి ఇందులో పోయండి, డబ్బులేమీ అక్కర్లేదు. చేతులకు గ్లౌజులు వేసుకోండి. నా చేతులు చూస్తున్నారుగా, ఈ పగుళ్ళు ఇప్పుడు మందులకు కూడా పోవడం లేదు.

ఏమైనా అడుగుతారా? చెప్పక్కా. మైలేజీ పెరుగుతుందా అని అడుగుతోంది అక్క. పెరుగుతుందని చెప్పి నేను నీకు ఆయిల్ అమ్మను. నీకు తెలిసేంత తేడా రాదు. ఇది మైలేజీ కోసం కాదు, క్రౌన్ బతకడం కోసం.

తమ్ముడూ, గట్టిగా అడుగు. శబ్దం వస్తోంది, చిక్కటి ఆయిల్ పోస్తే పోతుందా అంటున్నావు. వినపడకుండా పోవచ్చు, రోగం మాత్రం పోదు. అమ్మేముందు రంపపు పొట్టు కలిపేవాళ్ళ గురించి వినే ఉంటావు, అదీ ఇదే పని. ముందు ఎప్పుడు వస్తోందో విను. యాక్సిలరేటర్ నొక్కినప్పుడే వస్తే, లేదా వదిలినప్పుడే వస్తే, క్రౌన్ పినియన్ పళ్ళు చూడాలి. మలుపుల్లోనే వస్తే స్టార్లు, చక్రం బేరింగులు. ఎప్పుడూ ఒకే రాగంగా వస్తే బేరింగు. బండి కదిలే ముందు టక్కుమంటే షాఫ్ట్ క్రాసులు, అంటే షాఫ్ట్ కొసల్లో ఉండే కీళ్ళు, ముందు చూపించు, వాటిది చిన్న ఖర్చు. అన్నిటికంటే ముందు లెవెల్ చూడు. నీ బండి ఇక్కడే ఉందా? ఎన్ని కిలోమీటర్లు? తొంభై వేలు. ఒక్కసారి కూడా మార్చలేదు. ఎప్పుడు ఆపావు? అరగంట అయింది. ఇంకా వెచ్చగానే ఉంటుంది, తీసుకురా, దాన్నే విప్పుదాం.

అందరూ ఇటు రండి. అన్నా, ముందు చక్రాలకు ఆ దిమ్మెలు పెట్టు. అక్కా, ఈ గ్లౌజులు వేసుకో, నువ్వే విప్పు. కాదు కాదు, కిందిది కాదు. పైది. మట్టి గీకి పెట్టాను, పానా పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూసుకో. కుదుపు ఇవ్వకు, ఒకే బలంగా లాగు. ఇంకొంచెం. ఆ, ఆ చప్పుడు విన్నారా? వదిలింది. ఇప్పుడు వేలు పెట్టు. తగల్లేదా? ఇంకా లోపలికి, వంచి. చిటికెన వేలు మొత్తం పోయినా తగల్లేదు. సరే తమ్ముడూ, కంగారు పడకు, ట్రే కిందికి నెట్టు. ఏం వస్తుందో చూద్దాం.